కలమల్ల పొగగొట్టం ఆత్మకథ

ప్రొద్దుటూరు నుంచి రండి, జమ్మలమడుగు నుంచి రండి, పులివెందుల నుంచి రండి, కలమల్ల దగ్గరపడేసరికి ముందు కంటబడేది నేనే. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాన్ని. జనం నోట ఆర్టీపీపీ. 1994లో మొదటి యూనిట్‌తో పుట్టాను.

మా ఊళ్లో నాకంటే పేరున్నది ఒక రాయి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం అది. క్రీ.శ. 575 నాటిదనీ, తెలుగులో దొరికిన మొదటి శాసనం అదేననీ అంటారు. ఆ రాయి కోసం వచ్చే పండితులకు కూడా ఊరి దారి చూపించేది నేనే.

ఇంత ఎత్తున ఉన్నా నాకొక చిన్నతనం ఉంది. కరెంటు పుట్టించేది నేను కాదు. సింగరేణి బొగ్గు రైల్లో వచ్చి, పిండిలా నలిగి, బాయిలర్‌లో మండుతుంది. ఆ వేడికి నీళ్లు ఆవిరై తోస్తే టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. బూడిదను కింది యంత్రాలే పట్టేస్తాయి. మిగిలిన పొగను పైకి వదలడమే నా ఉద్యోగం. పని వాళ్లది, ఫొటో నాది.

అందుకే క్రికెటర్ శ్రీచరణి కథ చెప్పే అర్హత నాకుందనుకుంటాను.

నల్లపురెడ్డి శ్రీచరణిది వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెపల్లె. తండ్రి మా ప్లాంటులో ఉద్యోగి. 2004లో ఆమె పుట్టేనాటికి నాకు పదేళ్లు. చిన్నప్పుడు మేనమామతో సరదాగా బ్యాటు పట్టినా, బడిలో ఆడింది ఖోఖో, బ్యాడ్మింటన్. పరుగు పందేలు సరేసరి. క్రికెట్‌ను గట్టిగా పట్టుకునేసరికి పదహారేళ్లు వచ్చేశాయి. అమ్మ వెంటనే సరేనంది. నాన్న ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ నాన్నను నేను తప్పుపట్టను. చదువు ఉద్యోగం తెస్తుందని మా గేటు దగ్గర రోజూ కళ్లారా చూస్తున్నవాడు. ఆట ఏం తెస్తుందో చూపించడానికి చుట్టుపక్కల ఎవరున్నారు? మనదేశంలో అమ్మాయిల క్రికెట్‌కు మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) 2023లో గానీ రాలేదు. ఆ మాటకొస్తే జపాన్ అమ్మాయిలు 2011లోనే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచారు. పూర్తి ప్రొఫెషనల్ లీగ్ కోసం వాళ్లు కూడా 2021 దాకా ఆగాల్సి వచ్చింది. గెలుపు ముందొస్తుంది, జీతం తర్వాతెప్పుడో వస్తుంది.

మొదట్లో ఆమె ఫాస్ట్ బౌలర్. తర్వాత వేగం వదిలి ఎడమచేతి స్పిన్‌కు మారింది. గాలి సంగతి నాకు తెలుసు గనుక ఈ మార్పు విలువ చెప్పగలను. వేలితో బాగా తిప్పి వదిలిన బంతి కాస్త పైకి లేస్తుంది, బ్యాటర్ అంచనా వేసిన చోటికి రాకముందే దిగుతుంది. ముందుకు అడుగేసినవాళ్లకు బంతి అందదు. కానీ గాల్లోకి లేపిన బంతిని సిక్సర్ కొడతారన్న భయం ఉంటుంది. ఆ భయాన్ని మింగి మళ్లీ అదే బంతి వేయగలిగితేనే స్పిన్నర్.

2024 డిసెంబరు డబ్ల్యూపీఎల్ వేలంలో 10 లక్షల కనీస ధరతో మొదలైన ఆమెను ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు కొనుక్కుంది. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లోని ట్రెంట్‌బ్రిడ్జ్‌లో ఇంగ్లండ్ మీద ఆమె తొలి అంతర్జాతీయ టీ20. 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. అందులో ఒకటి కెప్టెన్ నాట్ సివర్‌బ్రంట్‌ది. ఐదు మ్యాచ్‌ల్లో 10 వికెట్లతో ‘ప్లేయర్ ఆఫ్ ద సిరీస్’ కూడా ఆమే.

అదే ఏడాది వన్డే ప్రపంచ కప్పులో 14 వికెట్లు తీసింది. మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఎక్కువ ఆమెకే. నన్నడిగితే ఆమె పనితనం సెమీఫైనల్లో చూడాలి. ఆస్ట్రేలియా 338 పరుగులు చేసిన ఆ రోజు, 10 ఓవర్లు వేసి 49 పరుగులే ఇచ్చింది, రెండు వికెట్లు తీసింది. జెమీమా రోడ్రిగ్స్ అజేయంగా చేసిన 127ను దేశమంతా చెప్పుకుంది, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ 49 ఇంకో 20 పెరిగి ఉంటే ఛేదన ఏమయ్యేదో! నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచారు.

ఆ తర్వాత అన్నీ పెద్ద పెద్ద అంకెలే. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్ల నగదు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. కొత్త వేలంలో ఢిల్లీ మళ్లీ ఆమెనే కొంది, ఈసారి కోటీ 30 లక్షలకు.

ఈ అంకెలను నా పొగలాంటివని కొట్టిపారేద్దామనుకున్నాను. అసలు పని నాన్న ఒప్పుకోని ఆ ఏడాదిలో, వేగం వదిలి స్పిన్ నేర్చిన నెలల్లో, ఎవరూ చూడనప్పుడు జరిగింది కదా! కానీ ఒక మాట తోచి ఆగాను. ఇక మీదట మా చుట్టుపక్కల ఏ పాపైనా క్రికెట్ ఆడతానంటే, ‘ఆడి యాడికి పోతావు పాపా?’ అని నాన్న అడిగితే, చెప్పడానికి జవాబుంది. ట్రెంట్‌బ్రిడ్జ్‌కి పోతానంటుంది. ఆ నాన్నకు ఏడాది పట్టేది ఆరు నెలలు పట్టినా, ఒక స్పిన్నర్‌కు అరేడాది సాధన కలిసొచ్చినట్టే. కనిపించడం కూడా ఒక పనేనని ముప్పై ఏళ్లు దాటాక నాకు తెలిసింది.