బాణపు గుర్తు

కలకత్తా రైలనగానే మనవారికి హౌరా స్టేషనే కన్నులకు గట్టును గాని, తెలుగుదేశము మీదుగా చెన్నపట్టణమునకు పోవు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు బయలుదేరునది అచ్చటినుండి కాదు. హుగ్లీనది పడమటి గట్టున, మహావటవృక్షమునకు పేరుపొందిన శిబ్‌పూర్ వృక్షోద్యానమునకు చేరువనున్న షాలిమార్ నుండి. అచ్చట బల్లపై కూర్చుండి బండికొఱకు ఎదురుచూచుచుండగా, రాజమహేంద్రవరము పోవలసిన పెద్దమనిషి యొకరు నా తెలుగు విని దగ్గరకు జరిగి, ఫోనులో ఒక బొమ్మ చూపించిరి. తలక్రిందులైన పెట్టెలు, ప్రక్కన ఒక తెల్లని కట్టడము, దానివైపు గురిపెట్టిన బాణపు గుర్తు. "ఆ రోజు శుక్రవారమండీ, గమనించారా?" అని గొంతు తగ్గించి అడిగిరి.

శుక్రవారమన్నమాట వాస్తవమే. 2023 జూన్ 2వ తేదీ మధ్యాహ్నము 3 గంటల 20 నిమిషములకు ఇదే షాలిమార్‌లో కదలిన కోరమాండల్, సాయంత్రము ఏడు కావచ్చుచుండగా బాలేశ్వరము దాటి బహనగా బజారు స్టేషనులో, నేరుగా పోవలసినది ప్రక్కదారి పట్టి, ఇనుపరాతితో నిలిచియున్న గూడ్సుబండిని గ్రుద్దుకొనెను. చెదరిన పెట్టెలు ఎదురుగా వచ్చుచున్న యశ్వంతపురము–హౌరా బండికి తగిలెను. 290 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మృతదేహములను సమీపమందలి ఉన్నత పాఠశాల గదులలో వరుసగా పరుండబెట్టగా, ఆ పిమ్మట పిల్లలు లోపలికి రాజాలక భయపడుటచే ఆ గదులనే పడగొట్టవలసివచ్చెను.

బంధువులు ఇంకను శవముల ముఖములు వెదకికొనుచుండగనే, ఎన్నడును బహనగా మొగము చూడని శాస్త్రజ్ఞులు, ఇంజనీర్ల కంటె ముందుగా, పట్టాలు తాకకయే, సిగ్నలు పెట్టె తెరువకయే, శుక్రవారమను ఒక్క వారమును, మసీదని తలచిన ఒక్క కట్టడమును గ్రహించి కారణమును తేల్చివేసిరి. ఈ నూతన తర్కశాస్త్రమును మన ప్రాచీనులు ఎరుగరు. పొగను చూచి నిప్పును ఊహించుట గౌతముని న్యాయము. గోపురమును చూచి నేరస్థుని ఊహించుట నేటి న్యాయము. మొదటిదానికి పొగయైన నుండవలెను. రెండవదానికి ఫోనులో ఛార్జి చాలును. వదంతుల వేగమునకు ఒడిశా పోలీసులు, ఈ ప్రమాదమునకు మతపు రంగు పులిమినచో చర్య తీసికొందుమని జూన్ 4న బహిరంగముగా హెచ్చరింపవలసివచ్చెను.

అంతలో బయటపడిన ముచ్చట యేమనగా, ఆ తెల్లని కట్టడము మసీదు కాదు, ఇస్కాన్ వారి కృష్ణమందిరము! తర్కమునకు నిలుకడ యున్నచో బాణము ఎక్కడిదక్కడనే యుండవలెను. పట్టాలకును దేవాలయమునకును నడుమ దూరము మారలేదు, శుక్రవారము శనివారము కాలేదు. ఐనను మందిరమును ఎవ్వరును అనుమానింపలేదు. అనుమానింపకుండుటయే ధర్మము, సందేహము లేదు. కాని ఆ ధర్మము, అది మసీదని భ్రమించిన పూట ఎక్కడ తలదాచుకొన్నదో నాకు తెలియకున్నది.

అసలు దోషి ఎవరని విచారించిన రైల్వే భద్రతా కమిషనరు నివేదికలో దొరకినది గుమ్మటము గాదు, గుమటీ: స్టేషను ఉత్తరపు కొసనున్న సిగ్నలు గుమటీలో (సిగ్నలు పరికరములుండు చిన్నగదిలో) పూర్వమెన్నడో చేసిన తీగెల మార్పులోని లోపము, 94వ నంబరు లెవెల్ క్రాసింగు గేటుకు అడ్డుకఱ్ఱ మార్చునపుడు జరిగిన పొరపాటు. ఈ రెండును గలిసి ప్రధానమార్గమునకు పచ్చదీపమును, చక్రములకు ప్రక్కదారిని చూపినవి. వంగదేశములో భాద్ర సంక్రాంతినాడు పనిముట్లన్నిటికిని విశ్వకర్మపూజ చేసి గాలిపటములెగురవేయుదురు. మనమును దసరాకు స్పానరుకు సైతము బొట్టుపెట్టుదుము. ఆ భక్తి నాకును ఇష్టమే. ఐతే విశ్వకర్మ బొట్టును స్వీకరించునే గాని, తప్పుగా కలిపిన తీగెను సరిచేయుట తన విధిగా ఎన్నడును ఒప్పుకొనియుండలేదు.

విపత్తుకు పాపమును ముడిపెట్టుట మనకు క్రొత్త గాదు. 1934 జనవరి 15నాటి బీహారు భూకంపము అస్పృశ్యతా పాపమునకు దైవదండనమని గాంధీజీ అన్నపుడు, అస్పృశ్యతను తానును ద్వేషించు రవీంద్రుడు ఇది అశాస్త్రీయమని ఖండించెను. గాంధీజీ ఆ ఖండనమును తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసెను. గాంధీజీ తర్కమును నేనును ఒప్పను. కాని ఆయన బాణము తన మతమువారి గుండెకే గురిపెట్టబడినది. నేటి బాణము సదా ప్రక్కయింటివానికే. అందులోనే రాజకీయమంతయు నున్నది. పొరుగువాడు దోషియైనచో గుమటీకి బాధ్యులైనవారిని అడుగు పని తప్పును. 1956లో మహబూబునగరమువద్ద వంతెన కూలినపుడు రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చెను. నెహ్రూ అంగీకరింపకున్నను, అరియలూరు ప్రమాదమునకు మరల ఇచ్చి వెడలిపోయెను. పాపము, ఆయనకు బాణపు గుర్తు గీయు సౌకర్యము లేకపోయెను.

బండి కదలినది. పెద్దమనిషిది నాకెదుటి సీటే. బాలేశ్వరము దాటి సంజ చీకటి పడునప్పటికి కిటికీ ప్రక్కన తెల్లని శిఖరమొకటి కానరాగా, ఆయన చెప్పులు విడిచి రెండు చేతులు జోడించి కన్నులు మూసికొనిరి. పిమ్మట ఫోను తెఱచి, బాణపు గుర్తును వేళ్లతో పెద్దదిచేసి చూచుచు నన్నడిగిరి:

"ఏమండీ, ఆ మసీదు ఏ పక్కన వస్తుందంటారు?"