మూసారాంబాగ్‌ను దిద్దకండి

దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. నా సలహా పండితులకు నచ్చదని తెలుసు. అయినా చెబుతాను. ఫ్రెంచి పేరొకటి మన నోళ్లలో పడి అరిగిపోయి ఉంటే, ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ అరిగిన రూపమే రాయండి. అసలు రూపం మీకు తెలిసినా సరే, దాన్ని తీసుకొచ్చి అతికించకండి.

మన కళ్లెదుటి పేరే తీసుకోండి. నిజాం అలీ ఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని ఒకడుండేవాడు, మిషెల్ జోకిమ్ మరీ రేమోఁ. 1755లో పుట్టి, 1775లో పుదుచ్చేరిలో దిగి, మైసూరులో హైదర్ అలీ దగ్గర పనిచేసి, చివరికి హైదరాబాదు చేరాడు. ఇక్కడ దాదాపు 14,000 మంది సైన్యాన్ని తయారుచేశాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించినవాడూ ఆయనే. 1798 మార్చి 25న చనిపోయాడు. ఫ్రెంచివాళ్లు గౌరవంగా పిలిచే 'ముస్యూ రేమోఁ' అన్న మాట ఇక్కడి హిందువుల నోట 'మూసా రాం' అయింది, ముస్లింల నోట 'మూసా రహీం' అయింది. మూసారాంబాగ్ అన్న పేరు ఆయన తోట నుంచే వచ్చిందని చెబుతారు.

ఇది తెలిసిన దగ్గర్నుంచి కొందరు కుర్రాళ్లు వ్యాసాల్లో మూసారాంబాగ్ అని రాయడం మానేసి 'ముస్యూ రేమోఁ గార్డెన్' అని రాస్తున్నారు. నేను కొట్టేస్తాను. మార్కులు కూడా తగ్గిస్తాను.

ఎందుకో ఒక సాయంత్రం జరిగిన సంగతి చెబితే తెలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద ఆటోలు ఆగేచోట ఒక ఫ్రెంచి అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. దాని మీద రేమోఁ సమాధి అని ఇంగ్లీషులో చక్కగా అచ్చువేసి ఉంది. ఆమె ఆ పేరును చివర ముక్కుతో పలుకుతోంది. ముగ్గురు డ్రైవర్లు విన్నారు. ఒకాయన కాగితం తీసుకుని తిరగేసి చూసి, "గా పేరుతోని ఈడ ఏం లేదు మేడం" అని తిరిగిచ్చేశాడు. నేను దగ్గరికి వెళ్లి, "మూసారాంబాగ్ అన్నా, అస్మాన్‌గఢ్ గుట్ట" అన్నాను. "గట్ల చెప్పొచ్చు గద సార్, కూసోమనండి" అని ఆటో స్టార్ట్ చేశాడు. ఆ కాగితంలో తప్పు ఒక్కటీ లేదు. కానీ అది ఆ పిల్లను రోడ్డు కూడా దాటించలేకపోయింది.

పేరు అలంకారం కాదు, పనిముట్టు. మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మీద రాకపోకలు ఆపేసిన రోజులు మనకు కొత్త కాదు. అలాంటి రోజున పేపరులోనూ ఫోనులోనూ ఆటోవాడి నోట్లోనూ ఒకే పేరు ఉండాలి. ఎల్బీ నగర్ సంగతీ అంతే. లాల్ బహదూర్ నగర్ అని అడ్రసులో పూర్తిగా రాసి చూడండి, పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఫోన్ చేసి "ఎల్బీ నగరేనా సార్?" అని అడుగుతాడు.

మరి రేమోఁ సొంతూరి సంగతి? ఆయన పుట్టింది ఫ్రాన్సు నైరుతి మూల, ఫ్రెంచివాళ్లు గాస్కోన్ అని పిలిచే ప్రాంతంలో. ఇంగ్లీషులో మాత్రం గాస్కనీ అనండి. అక్కడివాణ్ణి గాస్కన్ అంటారు, గాస్కనియన్ అనరు. నా క్లాసులో ఈ తప్పు ఏటా ఎవరో ఒకరు చేస్తారు. ఫ్రెంచి రూపమే సరైనదని పట్టుబట్టేవారికి ఒక మాట. ఆ తీరంలోని సముద్రాన్ని ఫ్రెంచివాళ్లు గాస్కోన్ అఖాతం అంటారు. దాన్ని మాటకు మాట మార్చి ఇంగ్లీషులో రాస్తే చదివేవాడు తికమక పడతాడు, ఎందుకంటే ఇంగ్లీషులో అది బే ఆఫ్ బిస్కే. బుర్గోన్‌ను బర్గండీ అనడం, బ్రెతాన్‌ను బ్రిటనీ అనడం కూడా ఇలాంటివే. ఈమధ్య బర్గండీ వైన్ తయారీదారుల సంఘం ఇంగ్లీషులో కూడా తమ పేరు ఫ్రెంచిలోనే రాయమంటోంది. సీసా మీద వాళ్లిష్టం. వాక్యంలో మాత్రం నేను బర్గండీ అనే రాయిస్తాను.

యానాం కథ దీనికి తలకిందులు. 1954 దాకా ఫ్రెంచి దొరలు తమ కాగితాల మీద దాన్ని యనాఓఁ అని రాసుకున్నారు. గోదావరి ఒడ్డున బతికినవాళ్లు యానాం అన్నారు. ఇంగ్లీషులో నిలిచింది మనవాళ్ల మాటే. పాండిచ్చేరి మాత్రం 2006లో అధికారికంగా పుదుచ్చేరి అయింది కాబట్టి, ఇప్పటి సంగతి రాసేటప్పుడు పుదుచ్చేరి అనండి. పాత కాలం గురించైతే పాండిచ్చేరి అన్నా నేను దిద్దను.

ఇక మూసారాంబాగ్ స్పెల్లింగు. 'ఎం' తర్వాత ఒకరు 'యూ' పెడతారు, ఒకరు రెండు 'ఓ'లు పెడతారు. రెండూ చెల్లుతాయి. ఒకే వ్యాసంలో రెండూ కలపకండి, అంతే. మూసాను, రామ్‌ను, బాగ్‌ను మూడు ముక్కలుగా విడగొట్టకండి. విడగొడితే రాముడి తోట అని అర్థం చెప్పేవాళ్లు తయారవుతారు, ఆ ఫ్రెంచివాడు పూర్తిగా మాయమైపోతాడు. ఆయన కథ చెప్పాలనుంటే పేరును ముట్టుకోకుండా పక్కన ఇంకో వాక్యం రాయండి. కథ వాక్యంలో ఇముడుతుంది, పేరులో ఇమడదు.

ఒక ఆదివారం పొద్దున పిల్లల్ని తీసుకుని రేమోఁ సమాధికి వెళ్లండి. గుట్ట మీద నల్లరాతి స్తంభం మీద 'జె ఆర్' అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. పక్కనున్న మంటపం వానలకు కూలితే మళ్లీ కట్టారు. మూసారాంబాగ్ మెట్రోలో దిగి, ఆటో ఎక్కి, అస్మాన్‌గఢ్ గుట్ట అని చెప్పండి.