నన్నూ చేర్చండి మహాప్రభో!

అప్పుల్లో మునిగిన ఇంటికి చుట్టాలు రారంటారు. ఆ మాట పుట్టించినాయన దివాలా కేసులు వినే కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) గడప తొక్కి ఉండడు. కంపెనీ కళకళలాడినన్నాళ్లూ ఎక్కడున్నారో తెలియని బంధుగణమంతా, దివాలా పిటిషన్ పడిందన్న కబురు అందగానే వకాలత్ పట్టుకుని వాలిపోతుంది. అందరిదీ ఒకటే ప్రార్థన: నన్నూ పార్టీగా చేర్చండి.

చట్టం చూస్తే ఇంత సందడికి చోటున్నట్టు కనిపించదు. 2016 నాటి దివాలా చట్టం ఏడో సెక్షన్ కింద బ్యాంకు వస్తే తేల్చాల్సినవి రెండే ముక్కలు: బాకీ ఉందా, ఎగ్గొట్టారా? 2017 ఆగస్టులో ఇన్నోవెంటివ్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. పిటిషన్‌ను విచారణకు స్వీకరించే దశలో అప్పిచ్చినవాడు, తీసుకున్నవాడు తప్ప మూడోవాడి అవసరం లేదని 2021లో అప్పిలేట్ ట్రైబ్యునల్ కూడా తేల్చింది. ఎగవేతను నిర్ధారించుకోవడానికి చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. మన కోర్టుల్లో 14 రోజుల్లో తేలే కేసు ఎవరైనా చూసి ఉంటే, దండేసి ఊరేగిద్దాం.

ఇక జరిగే తంతు చూడండి. ఏ బెంచి అని అడక్కండి, ఏ బెంచిలోనైనా ఇంతే. కేసు పిలిచారు. బ్యాంకు లాయరు లేచాడు, కంపెనీ లాయరు లేచాడు. అంతవరకూ సెక్షన్ ప్రకారమే ఉంది. ఇంతలో వెనక వరుసలోంచి ఇంకో నల్లకోటు లేచింది.

“మేం ఇంప్లీడ్ పిటిషన్ వేశాం సార్.”

“మీరెవరు?”

“ఈ కంపెనీకి జనరేటర్లు అద్దెకిచ్చిన సంస్థకు షెడ్డు లీజుకిచ్చినవాళ్లం సార్.”

ఈలోగా గోడమీది తెరలో ఒకాయన పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. మ్యూట్ తీయండని నలుగురు కేకేశాక బయటపడిందేమిటంటే, ఆయన ప్రమోటర్ బావమరిదికి వాటా ఉన్న కంపెనీ తరఫు లాయరు. అప్పుతో వాళ్లకు సంబంధం లేదట, ఫ్యాక్టరీ స్థలంతో ఉందట. కాగితాలేవి? “సేకరిస్తున్నాం, రెండు వారాలు ఇప్పించండి.”

ఇచ్చారు. ఇవ్వకపోతే సహజ న్యాయం మంటగలిసిందని రేపు పైకోర్టులో అంటారు కదా! ఆ మధ్యంతర దరఖాస్తు(ఐఏ)కు నోటీసు, నోటీసుకు కౌంటరు, కౌంటరుకు రిజాయిండరు, ఆపైన వాదనలు, ఆపైన ఆర్డర్ రిజర్వు. కొట్టేశారా, మరీ మంచిది. 61వ సెక్షన్ కింద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపిస్తే మరో 15. ఏ ఐఏ తిరగేసినా మొదటి పేజీలో “60(5), రూల్ 11” అని సంకల్పం చెప్పినట్టు ఉంటుంది. దివాలాకు సంబంధించిన ఏ ప్రశ్ననైనా విచారించవచ్చని మొదటిది, న్యాయం కోసం తగిన ఉత్తర్వులివ్వవచ్చని రెండోది. ఇంత పెద్ద గేటు తెరిచిపెట్టి లోపలికి ఎవరూ రావద్దంటే ఎవరు వింటారు? ఈ తతంగం ముగిసేసరికి ఫ్యాక్టరీలో మోటార్లలోని రాగి ఉండదు, స్టోర్‌లో సరుకూ ఉండదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

కోర్టుల్లో పోయే కాలంతో సహా మొత్తం 330 రోజుల్లో ప్రక్రియను తప్పనిసరిగా ముగించాలని 2019లో పార్లమెంటు సవరణ తెచ్చింది. అదే ఏడాది నవంబరులో ఎస్సార్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు ఆ “తప్పనిసరిగా” అన్న మాటను కొట్టేసింది. కోర్టుల ఆలస్యానికి కక్షిదారును శిక్షించకూడదన్నది కారణం. న్యాయమైన కారణమే, కాదనను. కానీ ఆ ఆలస్యాన్ని వండి వడ్డించే కక్షిదారుల సంగతి ఎవరు చూడాలి?

మరో చిత్రం. అప్పు పత్రం మీద సంతకం పెట్టినవాళ్లను కోర్టుకు లాగడం మాత్రం అంత సులువు కాదు. అప్పు తీసుకున్న కంపెనీ మీద కేసు నడుస్తుండగా, హామీ ఉన్న కంపెనీ మీద కూడా వెళ్లవచ్చా? హైదరాబాద్ బెంచి ముందు స్టేట్ బ్యాంకు అథెనా ఎనర్జీ వెంచర్స్ మీద అలాగే వెళ్తే, అంతకుముందరి ఓ తీర్పు అడ్డొచ్చి పిటిషన్ నిలవలేదు. వెళ్లవచ్చని అప్పిలేట్ ట్రైబ్యునల్ 2020 నవంబరులో తేల్చాల్సి వచ్చింది. సంతకం పెట్టినవాణ్ని తేవడానికి అప్పీలు దాకా పోవాలి, పెట్టనివాడు మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చుంటాడు.

మరి నిజంగా నష్టపోయినవాళ్ల మాటేమిటి? ఇల్లు కొనుక్కుని, ఈఎంఐ కడుతూ, అద్దె కొంపలో కాలం గడిపే మనిషి సంగతి చూడండి. 2019 డిసెంబరు ఆర్డినెన్స్ తర్వాత అతడు బిల్డర్ మీద దివాలా పిటిషన్ ఒంటరిగా వేయలేడు. అదే ప్రాజెక్టులో వందమందినో, లేదా పది శాతం మందినో, ఏది తక్కువైతే అంతమందిని వెంటబెట్టుకుని రావాలి. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఈ షరతును సమర్థించింది. చిల్లర కేసులు పెరుగుతాయని భయమట! బావమరిది కంపెనీకి మాత్రం ఒక్క అఫిడవిట్ చాలు.

కార్మికుల కథ ఇంకా ఘోరం. కాన్పూరులో జుగ్గీలాల్ కమలాపత్ జూట్ మిల్లు మూతపడింది. సుమారు 3,000 మంది బకాయిల కోసం కార్మిక సంఘం 2017 మార్చిలో డిమాండ్ నోటీసు ఇచ్చింది. సంఘం కంపెనీకి ఏ సేవా చేయలేదు కాబట్టి రుణదాత కాదని ట్రైబ్యునల్ అంది, అప్పిలేట్ ట్రైబ్యునలూ అదే అంది. అంటే మూడు వేల మంది మూడు వేల పిటిషన్లు వేసుకోవాలన్నమాట. సంఘం రావచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 30న చెప్పింది. డబ్బు రావడానికి కాదు సుమా, గుమ్మంలోకి రావడానికే రెండేళ్లు దాటింది. పిటిషన్‌లో లోపాలు సరిదిద్దుకునే ఏడు రోజుల గడువు కచ్చితమైనది కాదని 2017లో తీర్పు వచ్చిందీ ఈ మిల్లు కేసులోనే. ఇంతా చేసి లోపలికొచ్చినా, కార్మికుల్లాంటి ఆపరేషనల్ రుణదాతలకు రుణదాతల కమిటీలో ఓటుండదు. బకాయిలు మొత్తం అప్పులో పదోవంతైనా లేకపోతే సమావేశంలో కూర్చునే హక్కు కూడా ఉండదు.

బయటివాళ్లందరూ ఆషాఢభూతులేనని నేననడం లేదు. జేపీ ఇన్‌ఫ్రాటెక్ కేసులో ఇళ్లు కొన్నవాళ్లు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ తర్వాతే 2018 సవరణలో వాళ్లకు ఆర్థిక రుణదాతల హోదా స్పష్టంగా దక్కింది. వాళ్ల చేతుల్లో రసీదులున్నాయి. తేడా అక్కడే ఉంది.

అందుకే ప్రతి ఇంప్లీడ్ పిటిషన్ మొదటి పేరాలో ఒక అంకె ఉండాలి: ఈ కంపెనీలో నా డబ్బు ఎంత ఇరుక్కుంది? డబ్బు కాకపోతే, నా హక్కు చూపే పత్రం నంబరు ఇది. రెండూ లేని పిటిషన్‌ను రిజిస్ట్రీ వెనక్కి పంపాలి. దురుద్దేశంతో దివాలా కేసు వేస్తే లక్ష నుంచి కోటి రూపాయల దాకా జరిమానా అని 65వ సెక్షన్‌లో ఉంది. 2025 ఆగస్టులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లులో పనికిమాలిన పిటిషన్లకూ జరిమానా ప్రతిపాదించారు. సంతోషం. ఆ జరిమానా సర్కారు ఖాతాకు కాక, వాయిదాల మధ్య జీతాలు నిలిచిపోయిన కార్మికుల బకాయిల్లో జమ చేయాలని మన ఎంపీలు గట్టిగా అడగాలి.