ప్లగ్గు పద్యానికి టీకా తాత్పర్యం

తడిసి నల్లనైతె తైలంబు హెచ్చురా
పొడిగ నల్లనైనఁ బోదు గాలి
కాఫిపొడికి సాటి కాన్పించెనేనియుఁ
గలత మాని బండిఁ గదలనిమ్ము

అవతారిక. బీరాపేరు వాగు పెన్నలో కలిసే చోటు మా సంగం. టూ స్ట్రోకు బండిలోనూ ఒక సంగమం ఉంది: పెట్రోలూ 2టీ ఆయిలూ కలిసే లోపలికి పోతాయి, కలిసే కాలతాయి. మొదటిదానికి సంగమేశ్వరస్వామి దిక్కు, రెండోదానికి రోడ్డు పక్క మేస్త్రి. పై ఆటవెలది ఆయన నోటి మాటే. ఛందస్సులో బిగించినవాడు అజ్ఞాతుడు. పెన్న ఒడ్డున పుట్టింది గనక తిక్కన సోమయాజిదేమోనని ఉత్సాహపడేవారికి ఒక మనవి. పద్యంలోని బండి ఆర్‌ఎక్స్ 100. అది మన దేశంలోకి వచ్చింది 1985లో, తయారీ ఆగింది 1996లో. ‘కలత మాని’ అన్నాడంటే బండి ముసలిదయ్యాక చెప్పిన పద్యమే.

ప్రతిపదార్థం. తడిసి = జిడ్డుగా తడితేరి; నల్లనైతె = నల్లగా కనబడితే; తైలంబు = నూనె; హెచ్చురా = ఎక్కువైందిరా; పొడిగ = పొయ్యి మీది మసిలాగా; నల్లనైనన్ = నల్లబడితే; గాలి = గాలి; పోదు = లోపలికి పోవడం లేదు; కాఫిపొడికి సాటి = కాఫీ పొడి రంగుకు సమానంగా; కాన్పించెనేనియున్ = కనిపించిందా; కలత మాని = బెంగ వదిలి; బండిన్ = మోటారు సైకిలును; కదలనిమ్ము = పోనియ్యి. ‘ప్లగ్గు మూతి’ అని అధ్యాహారం చేసుకోవాలి. కర్తను చెప్పకపోవడం కవి లోపం కాదు. నడిరోడ్డున కిక్కు కొట్టి కొట్టి చెమటలు కక్కుతున్నవాడికి దేని సంగతో విడమరచనక్కర్లేదు.

విశేషాలు. ‘నైనఁ’, ‘బండిఁ’ అన్నచోట్ల అరసున్నలు ఊరికే రాలేదు. అరసున్నను పలకం, ప్లగ్గు కొసన ఉన్న సందూ ఉత్త ఖాళీయే. అయినా ఆ ఖాళీని దాటడానికే నిప్పురవ్వ పుడుతుంది. అది అర మిల్లీమీటరుకు కాస్త పైన. అందులో మసి పేరుకుని రెండు కొసలకూ వంతెన వేసిందా, రవ్వ పుట్టదు, కరెంటు దొడ్డిదారిన పోతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే మసి పోతుంది. ఇనప బ్రష్షుతో రుద్దితే పింగాణీ మీద లోహపు గీతలు పడి కరెంటుకు కొత్త దొడ్డిదారి ఏర్పడుతుంది. నేను రెండేళ్లు ఇనప బ్రష్షే వాడాను.

‘పోదు గాలి’. పెన్న ఇసక దారిలో ఫస్టు గేరులో మూలుగుతూ పోయే బండికి ఇది నిత్యానుభవం. ఎయిర్ ఫిల్టరులో దుమ్ము అట్టకడుతుంది, గాలి తగ్గి పెట్రోలు మిగులుతుంది. పొద్దున లాగిన చోకు మరిచిపోయినా ఇదే ఫలం. పైగా ప్లగ్గు తన మసిని తానే కాల్చుకోవాలంటే దాని మూతి దాదాపు 450, 500 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. ఇసకలో నత్తనడక నడిచే బండికి ఆ వేడి ఎక్కడిది?

పాఠాంతరం. ‘వేడి ప్లగ్గు వేయి’ అని కొందరి పాఠం. గ్రాహ్యమే గాని చిక్కుంది. ఎన్‌జీకే వారి లెక్కలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన, మైకో అని మనం పిలుచుకున్న బాష్ వారి లెక్కలో అంకె పెరిగితే వేడి. ఒక సంప్రదాయపు అంకెను ఇంకో సంప్రదాయంలో చదివినవాడు వేడి కోరి చల్లన తెచ్చుకుంటాడు.

ఇక ‘తైలంబు’. పద్యానికి ప్రాణం ఇక్కడుంది, నేను బోర్లా పడిందీ ఇక్కడే. తైలమంటే 2టీ ఆయిలే అనుకున్నాను. ఆయిలు పంపు తగ్గించాను. ప్లగ్గు తడి. ఇంకా తగ్గించాను. తడే. నాలుగు ప్లగ్గులు మార్చాక మేస్త్రి దగ్గరికి తోసుకెళ్తే, ఆయన పొగ వాసన చూసి, “గేరు ఆయిలు దించు అబ్బయా” అన్నాడు. దించి కొలిస్తే పోసినదాంట్లో సగమే ఉంది. క్లచ్చు వైపు క్రాంకు సీలు అరిగిపోయి, పిస్టన్ పైకి లేచినప్పుడల్లా గేరు ఆయిలును ఇంజను పీల్చేస్తోంది. అంటే ఇది శ్లేష! తైలం ఒకటి కాదు, రెండు. నేను రెండో అర్థం తెలియక మొదటిదాన్ని కోసేస్తూ పోయాను. ఇంకో వారం అలాగే పోయి ఉంటే పిస్టన్ పట్టేసేది. వావిళ్ల వారి ప్రతుల్లో ఇలాంటి చోట టీకాకారుడు రెండర్థాలూ విడదీసి చూపిస్తాడు. సర్వీసు పుస్తకంలో మల్లినాథుడు లేడు.

శంక. ఆగిన బండి ప్లగ్గు ఎప్పుడు విప్పినా నల్లగానే ఉంటుంది కదా? సమాధానం: ఐడిలింగులో నిలబెట్టి విప్పితే పాఠం చెడిపోతుంది. రోడ్డు మీద బాగా లాగించి, లాగుడులోనే క్లచ్చు పట్టి తాళం తిప్పెయ్యాలి. అప్పుడు విప్పి చూసిన రంగే మూలం, తక్కినవన్నీ ప్రక్షిప్తాలు.

మరో శంక. తెల్లగా ఉంటే? కవి చెప్పలేదు. మరో పద్యం ఉండి లుప్తమైందని నా ఊహ. తెలుపంటే గాలి ఎక్కువ, వేడి ఎక్కువ. మాగ్నెటో వైపు సీలు పోయినా అంతే. నలుపు బండిని ఆపుతుంది, తెలుపు ఇంజనునే తినేస్తుంది.

సీలు మార్పించాక ఈ టీకా అంతా మేస్త్రికి చదివి వినిపించాను. శ్లేష దగ్గర తల ఊపాడు. అరసున్న దగ్గర బీడీ ముట్టించాడు. నేను లేచి కిక్కు కొట్టాను, పలకలేదు. ఇంకోటి కొట్టాను. ప్లగ్గు విప్పుదామని స్పానరు తీయబోతే ఆయన వంగి చూసి, “ప్లగ్గు జోలికి పోబాక అబ్బయా, పెట్రోలు కాకు మూసుండాది” అన్నాడు.