గట్టెక్కని మేళం

చెరువు గట్టు మీద సంగీత విభావరి. అందరూ ఆహ్వానితులే. వాయించేవాళ్లు తప్ప.

నమ్మరా? ఈసారి మీ ఊరి ఫ్లెక్సీ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పైన ముగ్గురు పెద్ద నాయకులు. వాళ్ల కింద అయిదుగురు చిన్న నాయకులు. ఆ కింద చేతులు జోడించిన ఉత్సవ కమిటీ. చందాలిచ్చినవాళ్లంతా తపాలా బిళ్లల సైజులో. అట్టడుగున, తాడు ముడి పడి నలిగిన చోట, సన్నాయి విద్వాంసుడి పేరు. అదీ అచ్చుతప్పుతో. తన పేరు తాను వెతుక్కోవాలంటే పాపం ఆయన వంగాలి. మన దగ్గర కళాకారుడు వంగడం కొత్తా?

శివరాత్రి వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున సత్తెనపల్లి బస్టాండులో టీ కొట్టు దగ్గర నిలబడండి. కోటప్పకొండ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి తిరిగొచ్చే మేళాలు అక్కడే కలుస్తాయి. గుడ్డ కప్పిన డోళ్లు, సంచుల్లో సన్నాయిలు, తాడు కట్టిన హార్మోనియం పెట్టె, నిద్రలేని కళ్లు. మొదటి బస్సు వచ్చేలోగా ఎవడి చెరువు కథ వాడు చెబుతాడు. నవ్వి నవ్వి పొట్ట చెక్కలవుతుంది. కాస్త ఆగి ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది.

చెరువు కథలే ఎందుకంటారా? ఈ మెట్ట ప్రాంతంలో ఊరంటే చెరువు. చెరువంటే గట్టు. గట్టంటే గుడి. గుడంటే మేళం. ఇటు పత్తి, అటు మిరప, మధ్యలో చెరువు గట్టున స్టేజీ. ఒక మేళం ఏడాదంతా తిరిగేది గట్టు నుంచి గట్టుకే. గట్టెక్కేది మాత్రం కమిటీ, కాంట్రాక్టరు, నాయకుడు.

ఊళ్ల పేర్లు చెప్పను. చెబితే వచ్చే ఏడాది ఈ మాత్రం పిలుపు కూడా రాదు వాళ్లకు.

ఒక ఊళ్లో తెప్పోత్సవం. దేవుడికి హంస వాహనం. తెప్ప మీద ముందు వరసలో పెద్దమనుషులు, వాళ్లకు లైఫ్ జాకెట్లు. వెనక చివరంచున మేళం. "మాకేవండీ జాకెట్లు?" అని డోలు ఆయన అడిగాడట. "నీ దగ్గర డోలుంది గదా బాబాయ్, తేలుద్దిలే!" అన్నాడట కమిటీ కుర్రాడు. నవ్వారా? 2017లో పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరి ఇంకో బోటును మింగింది. రెండుసార్లూ మన పెద్దలు నిబంధనలు కఠినం చేస్తామన్నారు. చేశారుగా! జాకెట్లు వచ్చాయి. వీఐపీల కొలతలకు.

ఇంకో ఊళ్లో చెరువే ఎండిపోయింది. ముహూర్తం మాత్రం ఎండలేదు. తెప్పను ట్రాక్టరు ట్రక్కు మీదకెక్కించి, పగుళ్లిచ్చిన చెరువులో మూడు చుట్లు తిప్పారట. మేళం వెనకాల దుమ్ములో నడుస్తూ వాయించింది. ఇంతలో వర్షాల రాగం వాయించమని అధ్యక్షుల వారి ఆదేశం. అమృతవర్షిణి వాయిస్తే వాన పడాలట. పూడిక తీతకు శాంక్షనైన డబ్బు ఏ రాగంతో ఆవిరైందో మాత్రం ఎవరూ అడక్కూడదట.

ఇక డబ్బుల సంగతి. మేళానికి బయానా ఇవ్వరు. "మనూరి పండగే గదా, కళాసేవ!" అంటారు. బాగుంది. మరి జనరేటరు వాడితో డీజిల్ సేవ చేయించండి. షామియానా వాడితో గుడ్డ సేవ చేయించండి. ఫ్లెక్సీ వాడితో బొమ్మ సేవ చేయించండి. కుదరదు! వాళ్లు అడ్వాన్సు చేతిలో పడందే బండి ఎక్కించరు. ఊరు మొత్తానికి ఉచితంగా దొరికే సరుకు ఒక్కటే. ఊపిరి. అది సన్నాయి ఆయన లోపల ఉంటుంది.

ఉత్సవం అయ్యాక లెక్క అడిగితే "రేపు రా". రేపొస్తే "మిర్చి రేటు పడిందయ్యా, యార్డులో అడిగేవాడు లేడు". సరే, మిర్చి రేటు లేచిన ఏడాది వెళ్తే? "సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, ఇంకా లేస్తుందేమోనని చూస్తున్నాం." పడితే లేదు, లేస్తే లేదు. గుంటూరు మిర్చి యార్డులో దళారికి కూడా రాని తెలివి ఇది. నిజంగా నష్టపోయిన రైతు ఆ మాటంటే అర్థముంది. అంటున్నది ఎవరు? చెరువు శిఖంలో వెంచరు వేసినాయన.

డబ్బులకు బదులు శాలువా మాత్రం తప్పదు. ఆ శాలువాతోనే ఫొటో. ఫొటోలో నాయకుడి మొహం ముందుంటుంది, శాలువా మధ్యలో ఉంటుంది, విద్వాంసుడు శాలువా వెనక ఉంటాడు. ఒక హార్మోనిస్టు అన్నాడు: "మా ఇంట్లో శాలువాలు బీరువా నిండా ఉన్నయ్. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితేనే అడుగు తగులుతోంది."

అసలు కచేరీ ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? ఆహ్వానపత్రంలో సాయంత్రం 6 గంటలు. ముఖ్య అతిథి వచ్చేది తొమ్మిది దాటాక. అప్పటిదాకా జనాన్ని ఊరుకోబెట్టడానికి మేళం కావాలి. ఆయన రాగానే మేళం ఆగాలి. తర్వాత ప్రసంగాలు. మన ప్రాచీన కళలు, మన సంస్కృతి, కళాకారుల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటాం, కన్నీళ్లు. కన్నీళ్లు తుడుచుకునేసరికి పది. పది కాగానే ఎస్సై గారు ప్రత్యక్షం. "ఆపండి, టైమైంది!"

నిజమే, రూలుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు మోగకూడదు. సాంస్కృతిక, మత కార్యక్రమాల కోసం రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించొచ్చు. ఆ పదిహేను రోజుల్లో మీరు అర్ధరాత్రి దాకా సన్నాయి కచేరీ విన్నది ఏనాడు? డీజే విన్నది ఏనాడు? పదిన్నరకు అదే రోడ్డు మీద నాయకుడి ఊరేగింపు. కిటికీ అద్దాలు అదిరే డీజే. ముందు నడుస్తున్నదెవరు? బందోబస్తుకొచ్చిన అదే ఎస్సై గారు. సన్నాయి శబ్ద కాలుష్యం. డీజే ప్రజాభిమానం. చట్టానికి చెవులుండవుగా మరి!

ఇదంతా ఎలా మొదలైందో ఎవరూ మాట్లాడరు. ఒకప్పుడు ఊరు చెరువునూ మేళాన్నీ ఒకే పద్ధతిలో బతికించుకుంది. చెరువు కట్టించి గట్టు బాగు చేసేవాడికి దశబంధం ఇనాం. గుళ్లో సన్నాయి ఊదేవాడికి భజంత్రీ మాన్యం. పొలం చేసుకో, గట్టు చూడు. పొలం చేసుకో, గుళ్లో వాయించు. దయాదాక్షిణ్యం కాదది, ఒప్పందం. ఆ రోజుల్లో అన్యాయం లేదని కాదు. కులం పేరుతో గుమ్మం బయట కూర్చోబెట్టిందీ ఆ ఊరే. కానీ పనికి పొలం ఉండేది. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాములు రైత్వారీ పట్టాలయ్యాయి. పొలానికి పట్టా దొరికింది. గట్టుకేం దొరికింది? పాటకేం దొరికింది? గట్టు బాధ్యత సర్కారుదన్నారు, పాట బాధ్యత సాంస్కృతిక శాఖదన్నారు. ఇవాళ గట్టు మీద తుమ్మ చెట్లున్నాయి. శాఖ దగ్గర దరఖాస్తులున్నాయి.

అందుకే విద్వాంసులు లేచిపోయారు. పొరపాటున ఇంకేదో అనుకునేరు, రాష్ట్రం దాటి లేచిపోయారు! సన్నాయి విద్వాంసుడు షేక్ చిన మౌలానా మనవాడే. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. స్థిరపడింది మాత్రం శ్రీరంగంలో. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు. ప్రకాశం మట్టి వాసన వాళ్లది. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ. జాబితాలో పేర్ల ఎదురుగా రాష్ట్రం ఏమని ఉంది? తమిళనాడు! మనం ఏం చేశాం? "తెలుగు బిడ్డలకు పద్మశ్రీ" అని ఫ్లెక్సీ కట్టాం. అది మాత్రం మనదే.

భద్రాద్రి రాముడి గుళ్లో సన్నాయి ఊదిన గోసవీడు షేక్ హసన్‌కు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మరణానంతరం. ఇవ్వడానికి ఆయన బతికున్నన్నాళ్లూ తీరిక లేకపోయింది పాపం. గుడి ముందు ఎవరి కొట్టు ఉండాలో, ఎవరిది ఉండకూడదో మైకు పట్టుకుని తేల్చే పెద్దలు ఒక్కసారి ఈ పేర్లు గట్టిగా చదవాలి. మీ దేవుణ్ని నిద్రలేపింది ఎవరి ఊపిరో తెలుస్తుంది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లు నాజర్‌కు మాత్రం బతికుండగానే, 1986లో, పద్మశ్రీ వచ్చింది. ఆయన బుర్రకథకు ఒకప్పుడు జనం విరగబడేవారు. తెల్లదొరలు బుర్రకథను నిషేధించారంటే భయపడ్డారన్నమాట. బుర్రకథలో మధ్య కథకుడు, చెరో పక్క ఇద్దరు వంతలు. ఒకడిది హాస్యం, ఒకడిది రాజకీయం. ఇప్పుడు రాజకీయ వంత జరిగి జరిగి కథకుడి చోట్లోకొచ్చి నిలబడ్డాడు. హాస్యం కూడా ఆయనే చూసుకుంటున్నాడు. కథకుణ్ని స్టేజీ దిగమన్నారు.

ఏ పార్టీ గొప్ప అంటారా? ఏ పార్టీకీ తక్కువ చెయ్యను. సత్తెనపల్లి చెరువు పేరు తారకరామ సాగర్. అక్కడ ఎన్టీఆర్ గారి భారీ విగ్రహం. ఆయన మహానటుడు, కాదనేవాడెవడు? ఆ మహానటుడి ప్రభుత్వమే 1983లో సాహిత్య, సంగీత, నాటక అకాడమీలను రద్దు చేసింది. బదులుగా 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది, బయానా ఇవ్వదు.

అవతలి పార్టీ సంగతి? 2022 జనవరిలో వాళ్ల ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. వందేళ్ల నాటకం. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందన్నది ఒక కులం ఫిర్యాదు. బాధ నిజమే కావచ్చు. వెకిలి హాస్యం పెరిగిన మాటా నిజమే. అయితే ఆ నాటకం మీద బతికే హార్మోనిస్టుకు, తబలా ఆయనకు మర్నాడు అన్నం ఎవరు పెట్టారు? సరిగ్గా ఏడాది తిరిగింది. భోగి నాడు ఇదే సత్తెనపల్లిలో నాటి జలవనరుల మంత్రి అంబటి రాంబాబు గారు స్టెప్పులేశారు. వీడియో రాష్ట్రమంతా తిరిగింది. సినిమాలో పేరడీ కూడా వచ్చింది. మంత్రి ఆడితే తప్పేం లేదు, పండగే గదా. కానీ ఆయన పక్కన ఆడినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. తెలీదా? నాకూ తెలీదు. చెరువుల శాఖ మంత్రి డ్యాన్సు గుర్తుంది, చెరువు గుర్తు లేదు, ఆటగాళ్లు గుర్తు లేరు.

ఇదే ఊరి నుంచి వావిలాల గోపాలకృష్ణయ్య నాలుగుసార్లు శాసనసభకు వెళ్లారు. ఫ్లెక్సీ లేకుండా! అదెలా సాధ్యమైందో ఇప్పటి పిల్లలకు చెబితే పురాణం అనుకుంటారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. డప్పు కళాకారుల పింఛను 2024లో 4,000 రూపాయలైంది. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. సంతోషం. పులికాట్ సరస్సు దగ్గరి సూళ్లూరుపేటలో 2025 జనవరిలో ఫ్లెమింగో పండుగ మళ్లీ ఘనంగా చేశారు. అదీ సంతోషమే. పక్షులకు స్వాగత తోరణాలు, చెరువుకు ధ్రువపత్రం. రెంటికీ నోరు లేదు, బాకీ అడగవు. అడిగే నోరున్న జాతి ఒక్కటే, మేళం. దానికే తోరణం లేదు.

అయ్యా, మీరూ విసిగిపోయారని తెలుసు. నాయకుణ్ని మార్చే అవకాశం మీకు అయిదేళ్లకోసారి వస్తుంది. కమిటీ మాత్రం ఏటా మీ గుమ్మంలోకొస్తుంది. రసీదు పుస్తకం తెరుస్తారు. అప్పుడు జేబులో చెయ్యి పెట్టకండి. ఒక్క ప్రశ్న వేయండి: "మేళం వాళ్లకు బయానా ఇచ్చారా?" ఇచ్చామంటే ఎంతో అడగండి. ఇవ్వలేదంటే మీ చందా కమిటీ చేతికివ్వకండి. నేరుగా గట్టు దాకా నడిచి, డోలు ఆయన చేతిలో పెట్టి రండి.