మిక్సీ నిర్దోషి

వేసవిలో కరెంటు బిల్లు చేతికి రాగానే ఇంటిల్లిపాది అనుమానమూ చప్పుడు చేసేవాటి మీదకే పోతుంది. ముందు మిక్సీ, తర్వాత గ్రైండరు, ఆపైన వణుకుతూ తిరిగే ముసలి వాషింగ్ మెషీను. మీటరు మాత్రం చప్పుడు వినదు, వయసు అడగదు. ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు, అంతే చూస్తుంది. 750 వాట్ల మిక్సీని రోజూ పది నిమిషాలు తిప్పితే ఏడాదికి 45 యూనిట్లు. అందులో సగం మిగిల్చే అద్భుతమైన మిక్సీ ఎక్కడో దొరికిందనుకున్నా, యూనిట్‌కు ఏడు రూపాయల చొప్పున ఏడాదికి మిగిలేది 160. దాని ఖరీదు 4,000 అయితే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పాతికేళ్లు పడుతుంది. అప్పటికి అందులో పచ్చడి నూరేది మనవరాలు.

అసలు ముద్దాయి నెత్తి మీదే తిరుగుతుంటాడు. పాత సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగుతుంది. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. మన ఎండలకు రోజుకు పదిహేను గంటలు, ఏడాదిలో మూడొందల రోజులు వేసుకుంటే తేడా 200 యూనిట్లు, అంటే 1,400 రూపాయలు. మూడు వేలు పెట్టి కొన్నా మూడో ఏట లాభంలో పడతాం. గోడకి ఆ పాతకాలపు పెట్టె రెగ్యులేటరు ఉంటే సంగతి ఇంకా తమాషా: స్పీడు తగ్గించినప్పుడు మిగలాల్సిన కరెంటులో కొంత ఆ పెట్టెలో వేడిగా పోతుంది. గాలికని డబ్బు కట్టి గదిలోకి వేడి తెచ్చుకుంటున్నామన్నమాట. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు 2010లోనే తప్పనిసరైన స్టార్ లేబుల్, ఫ్యాన్లకు 2023 దాకా కాలేదు. ప్రభుత్వం తలెత్తి పైకి చూడ్డానికే పదమూడేళ్లు పట్టింది.

పాత ఫ్యాను ఆగిపోతే వీధి చివర మెకానిక్ కండెన్సర్ మార్చేస్తాడు, కాలిపోతే వైండింగ్ చేస్తాడు, కొత్తదానికి బోర్డు పోతే కంపెనీ మనిషి కోసం ఎదురుచూడాలి కదా అంటారు పెద్దలు. నిజమే. అందుకే గ్యారంటీ మూడేళ్లకు తక్కువైతే కొనకూడదు. సంక్రాంతి చుట్టాలకు మాత్రమే తిరిగే గదిలో ఫ్యానుని అసలు ముట్టుకోకూడదు. (రిమోట్ పోతుందన్న బెంగకు నా దగ్గర మందు లేదు.) కొత్తది తయారు చేయడానికీ రాగీ, ఇనుమూ, కరెంటూ కావాలి కదా అన్నది మరో మాట. మిక్సీ విషయంలో ఈ మాటకు తిరుగులేదు. రోజంతా తిరిగేదాని విషయంలో మాత్రం తయారీకి అయినదాన్ని వాడకం ఎప్పుడో దాటేస్తుంది. ఇక, మా బిల్లులో సగటున యూనిట్‌కు ఏడు రూపాయలు పడటం లేదే అనేవారూ ఉంటారు. మిగిలే యూనిట్లు సగటువి కావు, అన్నిటికంటే పై స్లాబులోవి. తెలంగాణలో గృహజ్యోతి పథకం ఉన్న ఇంటికైతే నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా, దాటితే మొత్తానికీ కట్టాలి. రాష్ట్రంలో అత్యంత ఖరీదైన యూనిట్ ఆ 201వది. దాన్ని ఆపగలిగిన ఫ్యాను ధర ఒక్క నెలలో ఎంత తిరిగొస్తుందో వాళ్లే లెక్క వేసుకోవచ్చు.

ఫ్రిజ్ దగ్గరికొస్తేనే చిక్కు. ఇరవై నాలుగ్గంటలూ పనిచేసేది కనుక దాన్ని అనుమానించాల్సిందే. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి లాగితే జారి వచ్చేస్తోందా? ముందు రబ్బరు మార్చి చూడండి. కొనక తప్పదంటే నక్షత్రాలు కాదు, లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఆ అంకె చదవాలి. నక్షత్రాలు ఫ్రిజ్ సైజుని బట్టి వేస్తారు. 165 లీటర్లది ఇచ్చేసి పొదుపు పేరుతో 350 లీటర్ల డబుల్ డోర్ తెచ్చుకుంటే స్టార్లు పెరుగుతాయి, యూనిట్లు తగ్గుతాయన్న నమ్మకం లేదు. యంత్రాలు పొదుపుగా మారేకొద్దీ బొగ్గు వాడకం పెరుగుతుందని 1865లోనే జెవన్స్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త రాశాడు. పాత ఇంజన్ని మేడ మీద పెట్టి అదీ నడుపుతారని ఆయన కూడా ఊహించి ఉండడు. మనం పెడతాం. ఎక్స్ఛేంజ్‌లో వెయ్యే ఇస్తామన్నారని కోపం వచ్చి పాత ఫ్రిజ్‌ని పైకెక్కిస్తాం, "పచ్చళ్లకు పనికొస్తుందిలే" అని. రోజుకు ఒక్క యూనిట్ తాగినా ఏడాదికి రెండున్నర వేలు. షాపువాడు రూపాయి ఇవ్వకపోయినా, ఆటో కిరాయి మనమే పెట్టుకున్నా, దాన్ని పంపేయడమే లాభం. ఆవకాయంటారా, కంప్రెసర్ పుట్టకముందు నుంచీ అది జాడీలో నిక్షేపంగానే ఉంటోంది.