డేట్ వెనక్కి జరిపే శాస్త్రం

పాఠ్యపుస్తకాల ప్రకారం నెలసరిని నడిపించేవి నాలుగు: మెదడులో హైపోథాలమస్, దాని కింద పిట్యూటరీ గ్రంథి, పొత్తికడుపులో అండాశయాలు, గర్భాశయం. సికింద్రాబాద్‌లో ఆషాఢం వచ్చేసరికి ఈ జాబితాలో మరో మూడు చేరతాయి: గోడ మీది క్యాలెండరు, ఇంట్లో పెద్దావిడ, వీధి చివరి మెడికల్ షాపు. మొదటి నాలుగూ ఒకదాన్నొకటి అడిగి పనిచేస్తాయి. తర్వాతి మూడూ ఎవరినీ అడగవు. నెలసరి ఎవరిదో ఆ మనిషిని అసలే అడగవు.

ముందు అడిగి పనిచేసేవాటి సంగతి. గర్భాశయం ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవున్న కండరాల సంచి. దానికి రెండు వైపులా 10 సెంటీమీటర్ల ఫాలోపియన్ నాళాలు, వాటి చివర్ల దగ్గర అండాశయాలు ఉంటాయి. ఆడపిల్ల పుట్టేనాటికే అండాశయాల్లో పది లక్షలకు పైగా అండకణాలుంటాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400 దాకా. నెలసరి చక్రం మొదటి సగంలో హైపోథాలమస్ గంటా గంటన్నరకోసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దానికి పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లతో బదులిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ వల్ల అండాశయంలో ఒక అండకోశం పెరిగి ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. ఆ ఈస్ట్రోజన్‌తో గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. ఈస్ట్రోజన్ ఒక స్థాయి దాటి నిలిస్తే ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. సుమారు ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. ఖాళీ అయిన కోశం కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరోన్ అందిస్తూ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే దాని ఆయుష్షు దాదాపు 14 రోజులు. అది వాడిపోగానే ప్రొజెస్టిరోన్ పడిపోతుంది, పొరకు రక్తమిచ్చే సన్నని ధమనులు ముడుచుకుంటాయి, పొర రాలిపోతుంది. పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు. ఈ కాస్తకే వంటగది, పూజగది, ఆవకాయ జాడీ మూడూ ఒకేసారి ఎలా ప్రమాదంలో పడతాయో వివరించే అధ్యాయం ఏ వైద్యగ్రంథంలోనూ లేదు.

సికింద్రాబాద్ మహంకాళి గుడి పండుగ లష్కర్ బోనాలు ఆషాఢంలో ఒక ఆదివారం వస్తాయి. 1813లో ఇక్కడ కలరా ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ ఆలయ చరిత్ర. అంతటి కలరానే వెళ్లగొట్టిందని పేరున్న తల్లి 40 మిల్లీలీటర్లకు ఉలిక్కిపడుతుందని అనుకునేవాళ్లే, ఆమె మహిమను తక్కువ చేసి మాట్లాడితే కొట్టడానికి వస్తారు.

పండుగ నడిచేది ఆడవాళ్ల నెత్తి మీద. కొత్త కుండకు సున్నం, పసుపు, కుంకుమ పూసి, లోపల పాలు, బెల్లంతో వండిన అన్నం ఉంచి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగిస్తే బోనం. దాన్ని ఎత్తుకునే మనిషి ముట్టులో ఉండకూడదు. నెలసరి 28 రోజులకోసారి వచ్చి ఐదు రోజులుంటుందనుకుంటే, ఏ ఆదివారం లెక్క తీసినా నెలసరి వచ్చే వయసు ఆడవాళ్లలో సుమారు ఆరుగురికొకరు ఆ రోజుల్లో ఉంటారు. అయినా బోనాల వరుసలో ఒక్కరూ ఉన్నట్టు ఎక్కడా వినపడదు. భక్తులు దీన్ని అమ్మవారి దయ అంటారు, మెడికల్ షాపువాళ్లు సీజన్ అంటారు.

ఆ సీజన్ సరుకు పేరు నోరెథిస్టిరోన్. ఇది ప్రొజెస్టిరోన్ పని చేసిపెట్టే కృత్రిమ హార్మోన్. కార్పస్ లూటియం రిటైరయ్యే వేళకు ఇది ఇన్‌ఛార్జి ఆఫీసరులా ఆ కుర్చీలో కూర్చుని అవే ఫైళ్ల మీద సంతకాలు పెడుతుంది. పొరకు అధికారి మారిన సంగతే తెలియదు. డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి 5 మిల్లీగ్రాముల గోలీ రోజుకు మూడుసార్లు. హద్దు 10 నుంచి 14 రోజులు. ఆపిన రెండు మూడు రోజుల్లో ఆగిందంతా వస్తుంది.

ఇది డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందు. కౌంటరు దగ్గర నడిచే పద్ధతి ఇంకొకటి. ‘డేట్ గోలీలు’ అని గొంతు తగ్గించి అడగ్గానే షాపతను ‘ఎన్ని రోజులకు?’ అంటాడు. కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి, కాగితం కవరు మీద పెన్నుతో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గీతలు గీస్తాడు. గర్భం ఉందా, ఎప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా, కాలేయం జబ్బుందా అన్న నాలుగు ప్రశ్నలకు ఆ కవరు మీద చోటుండదు. ఈ మందులో కొంత శరీరంలో ఇథినైల్ ఈస్ట్రడయోల్‌గా, అంటే గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. అందుకే గడ్డల ప్రశ్న. పైగా ఇలా వాడితే దీన్ని గర్భనిరోధకంగా నమ్ముకోవడానికి లేదు. తలనొప్పి, ఉబ్బరం, రొమ్ముల నొప్పి వస్తే, అవి బోనం బరువు ఖాతాలో పడతాయి.

మందు పుట్టుక కూడా చూడదగ్గదే. 1951 అక్టోబర్ 15న మెక్సికో సిటీలో, సింటెక్స్ కంపెనీ ప్రయోగశాలలో కార్ల్ జెరాసీ, జార్జ్ రోసెన్‌క్రాంజ్‌లతో కలిసి పనిచేస్తున్న లూయిస్ మిరామోంటెస్ అనే విద్యార్థి దీన్ని తయారుచేశాడు. ఆనాటి ముడిసరుకు మెక్సికో అడవి దుంప. బోనం కుండ కొత్తదే కావాలి, పసుపు కల్తీ లేనిదే కావాలి, పొయ్యి అలికిందే కావాలి. మడి ఒక్కటి మాత్రం మెక్సికో నుంచి వచ్చినా చెల్లుతుంది.

అసలు మెలిక గర్భాశయంలో ఉంది. గోలీ పొరను కడిగెయ్యదు, కరిగించదు, రాలకుండా ఆపుతుంది అంతే. గోలీ వేసుకున్న మనిషి ఆ పొరను నిండు మందంతో లోపల పెట్టుకునే క్యూలో నిలబడుతుంది, సాక నీళ్లు పోస్తుంది, బోనం సమర్పిస్తుంది. గుమ్మం దాటకూడదన్న పదార్థమే ఆమెతోపాటు గర్భగుడి ఎదుటిదాకా వెళ్తుంది. రాలితే మైల, రాలకుండా ఉంటే మడి. పట్టింపు రక్తం మీద అయితే ఈ ఏర్పాటు ఒప్పుకోదగ్గది కాదు. పట్టింపు నలుగురికీ తెలియడం మీద అయితే లోటేమీ లేదు, కానీ దానికి ఆచారమని పేరు పెట్టడం ఎందుకు?

అస్సాం క్యాలెండరు ప్రకారం వచ్చే ఆషాఢంలో గువాహటిలో కామాఖ్య దేవికే నెలసరి వస్తుంది. అంబుబాచి పేరుతో గుడి మూడు రోజులు మూసి, తర్వాత తెరిచి, ఎర్రగుడ్డ ముక్కను ప్రసాదంగా ఇస్తారు. దానికోసం జనం లక్షల్లో వస్తారు. ఒకే శక్తికి అక్కడ పూజ జరిగే కారణమే, ఇక్కడ ఇంటి ఆడపిల్లను వెనక నిలబెట్టే కారణం. అమ్మవారు మాత్రం ఏ ఊళ్లోనూ ‘డేటెప్పుడు?’ అని అడిగిన దాఖలా లేదు. ఆ ప్రశ్న వంటింట్లో పుడుతుంది.

పరీక్షకో, ప్రయాణానికో, ఆటల పోటీకో, పండుగకో నెలసరిని వాయిదా వేసుకోవాలని ఒక మనిషి తనంతట తాను అనుకుని డాక్టరును అడిగితే తప్పు పట్టేదేమీ లేదు. అందుకు పనికొచ్చే మందే ఇది. వైద్యులు దీన్ని వాడే సందర్భాల్లో అధిక రక్తస్రావం ఉంది, ఎండోమెట్రియోసిస్ ఉంది, నెలసరి వాయిదా కూడా ఉంది. పెద్దావిడ మొహమాటం అన్న జబ్బు మాత్రం ఇంకా చేరలేదు.